తెల్ల జాగాలో దిష్టి చుక్క

మా ఫిజిక్స్ హెడ్డు సారు నన్ను స్టేజీ ఎక్కవద్దన్నాడు. మామూలుగా వద్దని ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. "చూడమ్మా, సబ్జెక్టు నీకు తెలుసు, కాదనను. కానీ హైదరాబాదు నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు. నీ పళ్లు, నీ యాస... వాళ్ల ముందు మన కాలేజీ పరువెందుకు పోవాలి చెప్పు?" అన్నాడు. అని, టీ గ్లాసులో బిస్కెట్ ముంచాడు. అది మెత్తబడి గ్లాసులో పడితే చెంచాతో తీసుకుని మరీ తిన్నాడు.

క్షమించడం గొప్ప గుణమని పెద్దలంటారు. ఉన్నవాళ్లకు ఉండనీ. నాకు ఆ గుణం లేదు, అలవాటు చేసుకునే ఉద్దేశం కూడా లేదు. ఆయన నామీద జాలిపడుతున్నట్టు తల ఆడించిన తీరు, గ్లాసు అడుగున మిగిలిన బిస్కెట్ ముద్ద, అన్నీ నాకు నిన్న చూసినంత స్పష్టంగా గుర్తున్నాయి.

నా పళ్ల సంగతి చెప్పాలి. మాది మర్రిగూడ దగ్గరి ఊరు. నేను పుట్టి పెరిగినన్నాళ్లూ తాగింది బోరునీళ్లే. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ కొందరి ఎముకలు వంచింది, మా ఈడువాళ్ల పళ్ల మీద గోధుమరంగు చారలు గీసి వదిలిపెట్టింది. రాష్ట్రం వచ్చాక ఊళ్లోకి నల్లా నీళ్లు వచ్చాయి. ఇప్పటి పిల్లలు నవ్వితే తెల్లగా ఉంటుంది. నేను మాత్రం చేయి అడ్డం పెట్టుకుని నవ్వడం చిన్నప్పుడే నేర్చుకున్నాను. యాస సంగతి కూడా అంతే. రాష్ట్రం వచ్చాక మా మాట పేపర్లలోకి వచ్చింది, సినిమాల్లోకి వచ్చింది, నేను పాఠం చెప్పే జడ్చర్ల కాలేజీ స్టాఫ్‌రూములోకి మాత్రం రాలేదు. తమాషా ఏమిటంటే, ఆ హెడ్డు సారుది కూడా మా వైపే, తిరుమలగిరి పక్క ఊరు. ఆయన తల్లి ఒకసారి కాలేజీకి వచ్చి "మావోడు యాడున్నడు బిడ్డా?" అని నన్నే అడిగింది. ఆయన ఆమెను గబగబా బయటికి తీసుకుపోయాడు. నాలుక ఇస్త్రీ చేయించుకున్న మనిషి ఆయన.

నేను చెప్పాల్సింది కృష్ణబిలాల గురించి. అందరూ విన్నవి కావు. పెద్ద నక్షత్రం చచ్చిపోతే తనలోకి తాను కూలి కృష్ణబిలం అవుతుందని ఇంటర్ పిల్లలకు కూడా తెలుసు. నేను వెంటపడ్డవి ఏ నక్షత్రమూ చావకుండానే పుట్టి ఉండవచ్చని కొందరు అనుకునేవి. విశ్వం మొదలైన తొలి క్షణంలో, ఇంకా ఒక్క నక్షత్రం కూడా లేనప్పుడు, అంతటా పరుచుకున్న వేడి పదార్థం ఎక్కడైనా మరీ చిక్కగా ఉంటే అది అక్కడికక్కడే కూలిపోయి ఉండవచ్చు. వాటిని ఆదిమ కృష్ణబిలాలంటారు. ఉన్నాయని ఎవరూ చూడలేదు. లేవని ఎవరూ తేల్చలేదు.

వాటితో పనేమిటంటే, ఒక పాత చిక్కు ఉంది. జాతరలో రంగులరాట్నం మరీ జోరుగా తిరిగితే అంచున కూర్చున్నవాళ్లు ఎగిరిపడాలి. గెలాక్సీల అంచున ఉన్న నక్షత్రాలు అంత జోరుగానే తిరుగుతున్నాయి, ఎగిరి మాత్రం పోవడం లేదు. కంటికి కనిపించే పదార్థానికి వాటిని పట్టి ఉంచేంత బలం లేదు. కనిపించనిదేదో పట్టి ఉంచుతోంది. దానికే కృష్ణపదార్థమని పేరు. అది ఏమిటో తెలియదు. దేనితోనూ అంటీముట్టనట్టుండే బరువైన కణాలేమోనని కొందరు గనుల అడుగున యంత్రాలు పెట్టుకుని కూర్చున్నారు. యాక్సియాన్లనే అతి తేలికపాటి కణాలని కొందరంటారు. ఆ ఆదిమ కృష్ణబిలాలే అయి ఉండవచ్చు కదా అని ఇంకొందరు. నేను ఆ ఇంకొందరిలో ఒకదాన్ని. ఎందుకో చెప్పలేను. మొదటిసారి చదివిన రోజు అన్నం సయించలేదు, అంతే.

ఉద్యోగం చేసుకుంటూనే పీహెచ్‌డీకి చేరాను. సగంలో ఉండగా నా గైడు రిటైరై వెళ్లిపోయాడు. మహబూబ్‌నగర్‌లో జరగబోయే సెమినార్‌కు హైదరాబాదు నుంచి వస్తున్న ప్రొఫెసరమ్మ ఈ రంగంలో పనిచేసిన మనిషి. ఆమె నా మాట విని గైడుగా ఒప్పుకుంటే నా పరిశోధన బతుకుతుంది. లేదంటే కుంభాకార కటకం, పుటాకార కటకం చెప్పుకుంటూ రిటైరైపోవాలి. నాకు కావలసింది ఆ స్టేజీ మీద అరగంట.

ఆ అరగంట కోసం నేనొక బట్ట నేయించాను.

మాది నేత ఇల్లు. మావాళ్లు నేసే చీరల్లో పువ్వు మగ్గం మీద పుట్టదు. నేతకు ముందే, ఆసు అనే మేకుల చట్రం మీద చేతితో నూలు పోసి, గుర్తులు పెట్టి, ఏ పోగు ఎక్కడ తెల్లగా మిగలాలో అక్కడ సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోటికి రంగు ఎక్కదు. మగ్గం ఎక్కేసరికి పువ్వు ఎక్కడ రావాలో నిర్ణయం అయిపోయే ఉంటుంది, నేసేవాడు దాన్ని మార్చలేడు. తొలి క్షణంలోనే పుట్టి ఉంటాయనే నా కృష్ణబిలాల గురించి మా బాపుకు చెప్పినప్పుడు "అంటే మగ్గమెక్కక ముందుగాలనే కట్టు పడ్డదన్నట్టు" అని తేల్చేశాడు. ఇక అడిగింది లేదు.

మా రంగంలో అందరూ వేసుకునే పటం ఒకటుంది. ఎడమ నుంచి కుడికి కృష్ణబిలాల బరువు. కింది నుంచి పైకి, కృష్ణపదార్థంలో వాటి వాటా ఎంత ఉండవచ్చన్నది. మరీ తేలికవి ఉంటే ఈపాటికి వెలుగు కక్కుతూ ఆవిరైపోయి ఉండాలి, ఆ వెలుగు కనిపించలేదు కనుక ఎడమ వైపంతా రంగు వేసేస్తారు. బరువైనవి ఉంటే వెనకాల నక్షత్రాల వెలుగును వంచి కాసేపు ఎక్కువ చేసి చూపాలి, అది తగినంతగా కనిపించలేదు కనుక కుడి వైపూ చాలామటుకు రంగు. రంగు పడిందంటే అక్కడ లేవు, లేదా ఉన్నా కొద్దిగానే అని. నడుమ ఒక తెల్ల జాగా మిగులుతుంది. గ్రహశకలమంత బరువుండి, పరమాణువంత సైజు ఉండేవి. ఆవిరైపోలేనంత బరువు, నక్షత్రపు వెలుగును గుర్తుపట్టేలా వంచలేనంత చిన్నవి. వాటిని ఎవరూ కొట్టిపారేయలేకపోయారు. కృష్ణపదార్థం మొత్తం అవే కావచ్చు. ఆ తెల్ల జాగాను మా రంగంలోవాళ్లు కిటికీ అంటారు. నా పని అంతా ఆ కిటికీ గురించే.

రంగు పడితే లేనట్టు, పడకపోతే ఉండవచ్చన్నట్టు. మా ఇంటి పనికి ఇంతకంటే దగ్గరి పటం ఏముంటుంది? గీసిన కాగితం బాపు ముందు పెట్టాను. అమ్మ ఆసు పోసింది, బాపు కట్లు కట్టాడు. ఇద్దరూ కలిసి నీలిరంగులో గోడకు వేలాడదీసేంత బట్ట తీశారు. నడుమ తెల్ల జాగా మల్లెపువ్వులా వచ్చింది. అందులో, సరిగ్గా నట్టనడుమ, ఎర్రటి చుక్క ఒకటి.

"గిదేందమ్మా?" అన్నాను.

"దిష్టి చుక్క" అంది అమ్మ. "గంత తెల్లగున్న జాగా ఖాళీగ ఇడుస్తరా? దిష్టి తగిలితే దానికే తగుల్తది. నీ బట్టకేం గాదు."

మిగతా నేతవాళ్లకు ఈ అలవాటు ఉందో లేదో తెలియదు, మా ఇంట్లో మాత్రం మా అవ్వ కాలం నుంచి ఉంది. ఏ చీర ఇల్లు దాటినా అందులో ఎక్కడో ఒక చోట కావాలని కట్టిన తప్పు చుక్క ఉంటుంది. అమ్మ ఒక్క కట్టు ముందుగా విప్పి ఎరుపులో ముంచిందన్నమాట. ఆ పద్ధతిలో అంచులు ఎప్పుడూ చెదిరే వస్తాయి. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. స్లైడు కోసం దాన్ని ఫోటో తీశాను. స్టేజీ మీద ముందు ఆ చుక్క కథ చెప్పి అందరినీ నవ్వించి అసలు మాటలోకి దిగుదామనుకున్నాను.

హెడ్డు సారు స్లైడ్లు ఒకసారి చూసి ఇస్తానన్నాడు. పంపాను. వారం తిరిగేసరికి ఆహ్వానపత్రిక అచ్చయి వచ్చింది. నా అంశం, నేను పెట్టిన పేరు, దాని కింద ఆయన పేరు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు! అడిగితేనే ఆ పళ్ల మాట, ఆ యాస మాట, ఆ బిస్కెట్. ప్రిన్సిపాల్ దగ్గరికి పోతే "సీనియర్ కదమ్మా, సర్దుకుపో" అన్నాడు. సర్దుకుపోవడమనే మాట ఎప్పుడూ దెబ్బ తిన్నవాళ్లకే ఎందుకు చెబుతారో నాకు నేటికీ అర్థం కాదు.

మరునాడు ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో స్లైడూ చెప్పించుకున్నాడు. నేను చెప్పాను. నక్షత్రాల వెలుగు వంగడం చెప్పాను, ఆవిరైపోవడం చెప్పాను, యాక్సియాన్లు చెప్పాను. బట్ట ఫోటో వచ్చింది. ఎడమ రంగు ఎందుకో, కుడి రంగు ఎందుకో, కిటికీ ఏమిటో అడిగాడు. చుక్క మీద ఆయన కన్ను ఒక్క క్షణం ఆగింది. అడుగుతాడనుకున్నాను. అంత పెద్ద మనిషి అంత చిన్న చుక్క ఏమిటని నన్నడిగితే పరువేం కావాలి? తల పంకించి తర్వాతి స్లైడుకు వెళ్లిపోయాడు.

ఊరకున్నంత ఉత్తమం లేదని మా అవ్వ అనేది. నేను ఊరుకున్నాను. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం మంచిది కాదని తెలుసు. అయినా అంత హాయి మళ్లీ ఎన్నడూ కలగలేదు. ఇంటికి పోయేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చేయి అడ్డం పెట్టుకోకుండా నవ్వుకున్నాను.

సెమినార్ రోజు నేను మూడో వరసలో కూర్చున్నాను. ప్రొఫెసరమ్మ ముందు వరసలో, నెరిసిన జుట్టు, నేత చీర. చుట్టుపక్కల కాలేజీల లెక్చరర్లు, డిగ్రీ పిల్లలు హాలు నిండా ఉన్నారు. ఆయన చక్కగానే మాట్లాడాడు. నా వాక్యాలు కదా, ఎందుకు మాట్లాడడు! బట్ట ఫోటో తెర మీదికి రాగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. "మన ప్రాంతపు చేనేతలో విజ్ఞానాన్ని చూపాలన్నది నా చిరకాల ఆలోచన" అన్నాడు. మా అమ్మ భుజం నొప్పితో చాచి చాచి పోసిన ఆసు ఆయన చిరకాల ఆలోచన అయిపోయింది. పళ్లు బిగబట్టి కూర్చున్నాను.

ప్రశ్నలుంటే అడగమన్నారు. లేచి నిలబడ్డాను. మైకు అందుకుని, ఇంట్లో మాట్లాడేటట్టే అడిగాను.

"సార్, గా తెల్ల జాగా నడుమ గా ఎర్ర చుక్క ఏంది?"

పిల్లలు కొందరు కిసుక్కున నవ్వారు. ఆయన నా వంక చూశాడు. ఆ చూపులో మొదట చిరాకు, తర్వాత కొంచెం అనుమానం. అయితే మైకు చేతిలో ఉన్నవాడికి తెలియదనడం చేతకాదు.

"మంచి ప్రశ్న" అన్నాడు. "ఈ కిటికీలో ఆదిమ కృష్ణబిలాలు ఉండటానికి అత్యంత అవకాశమున్న బరువు అది."

"మరి అంచులు గట్ల చెదిరినయేంది సార్?"

"అవి కొలతలోని అనిశ్చితిని సూచిస్తాయి."

ముందు వరసలో ప్రొఫెసరమ్మ నిటారుగా కూర్చుంది. "ఆగండి. ఆ బరువు దగ్గర సూచన ఏదైనా దొరికిందా? నేనెక్కడా చదవలేదే. ఎవరి లెక్క అది?" అంది. అక్కడైనా ఆగి ఉంటే బతికిపోయేవాడు. "ఇంకా ప్రచురించలేదు మేడం. మా డిపార్ట్‌మెంట్‌లో చేసిన విశ్లేషణ" అన్నాడు.

"ఎట్లా చేశారు?" అందామె.

ఆయన స్లైడును వెనక్కి తిప్పి మళ్లీ ముందుకు తిప్పాడు. నేను ఇంకా నిలబడే ఉన్నాను, మైకు ఇంకా నా చేతిలోనే ఉంది.

"మా అమ్మ చేసింది మేడం" అన్నాను. "గది దిష్టి చుక్క. గంత తెల్లటి జాగా ఖాళీగ ఇడిస్తే దిష్టి తగుల్తదని పెట్టింది. ఎర్రరంగుల ముంచితే అంచులు గట్లనే చెదుర్తయి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత హాలు విరిగిపడేలా నవ్వు. అప్పుడు జరిగింది నేను కూడా ఊహించనిది. ఆయన ముఖం కందగడ్డలా అయిపోయి, ఇస్త్రీ అంతా చెదిరిపోయి, మైకులోనే నా మీద అరిచాడు.

"మరి గా మాట నాకు ముందుగాలనే ఎందుకు చెప్పలే నువ్వు? అన్నీ చెప్పినవు గదా, గిదెందుకు చెప్పలే!"

నవ్వు ఆగిపోయింది. ఆయన నోటితోనే ఆయన చెప్పేశాడు, ఈ మాటలన్నీ ఎవరు చెబితే నేర్చుకున్నాడో. దొంగకు తేలు కుట్టినట్టు గమ్మున ఉండాల్సిన చోట అరిచేశాడు. నేను కల్పించుకోనక్కర లేకుండానే అందరూ నా వైపు తిరిగారు. ప్రొఫెసరమ్మ నన్ను అడిగింది, "ఈ పని నీదా?" అని. నాదేనన్నాను. "అయితే పైకి వెళ్లి చివరి భాగం నువ్వు చెప్పు" అంది.

ఎక్కాను. ఆయన మెట్ల మీద నా పక్కనుంచే దిగిపోయాడు. జాలి వేసిందా అని తర్వాత చాలామంది అడిగారు. వేయలేదు. నా యాసలో, నా పళ్లతో, చేయి అడ్డం పెట్టుకోకుండా చెప్పాను. ఆమె నాకు గైడయింది. ఇంటికి వచ్చి అమ్మకు చెబితే, "చెప్తి గద, దిష్టి దానికే తగుల్తదని" అని ఊరుకుంది. కథ ఇక్కడితో ఆగితే నేను సుఖంగా ఉండేదాన్ని.

ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. పిల్లలు వరండాలో ఆయన వెనకాల "అనిశ్చితి సార్" అని గుసగుసలాడేవారు. నేను ఎవరినీ వారించలేదు. కొన్నాళ్లకు ఆయన రిటైరయ్యాడు. సన్మానంలో శాలువా కప్పే వంతు నాకు వస్తే, ఎర్ర చుక్కలున్న శాలువా వెతికి కొని కప్పాను. అంతకంటే చేయగలిగింది ఉంటే అదీ చేసేదాన్ని.

పోయిన ఎండాకాలం జడ్చర్ల బస్టాండులో మళ్లీ కనిపించాడు. చేతిలో కూరగాయల సంచి, బాగా సన్నబడ్డాడు. తప్పించుకుని పోతాడనుకుంటే తనే దగ్గరికి వచ్చాడు.

"ఆ కిటికీ ఇంకా తెరిచే ఉందటగా అమ్మా? మొన్న చదివాను" అన్నాడు. మాట మళ్లీ ఇస్త్రీ అయిపోయింది.

"తెరిచే ఉంది సార్."

"అయితే ఆ చుక్క తప్పని ఇప్పటికీ ఎవరూ అనలేరు."

అని నవ్వాడు. తెల్లటి పలువరస. బస్సు వస్తే ఎక్కి, కూర్చుని, అద్దంలోంచి నాకు చేయి కూడా ఊపాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే ఆయన అన్నది నిజం. అమ్మ చుక్క పెట్టింది ఏ లెక్కా తెలియక. అయితే అది పడ్డది తెల్ల జాగా నట్టనడుమ. ఆయన చెప్పింది పచ్చి అబద్ధం. ఆ అబద్ధాన్ని తప్పని తేల్చే కొలత మాత్రం ఈ భూమ్మీద ఇంకా ఎవరి దగ్గరా లేదు. రేపు అక్కడే, ఆ బరువు దగ్గరే, నేను ఇన్నేళ్లుగా వెతుకుతున్నవి దొరికాయనుకోండి. అందరికంటే ముందు స్టేజీ మీద చెప్పింది ఆయనవుతాడు. ఆ హాల్లో నవ్విన పిల్లలే అవునవును, సారు అప్పుడే అన్నాడంటారు. ఆ మనిషి చదువుతూ ఎదురుచూస్తున్నది అందుకే.

ఆ ఆదివారం ఊరికి పోయాను. అమ్మ ఆసు ముందు కూర్చుని ఉంది. ఇన్నేళ్లుగా నా కృష్ణబిలాలు దొరకాలని ప్రతి శనివారం ఆంజనేయస్వామికి మొక్కే మనిషి ఆమె. బస్టాండు సంగతి అంతా చెప్పాను.

"ఇకనించి దొరకొద్దని మొక్కమ్మా" అన్నాను.

అమ్మ చేయి ఆగింది. "గవి లేకపోతే నీ సదువేమైతదే?"

నిజమే. ఆ కిటికీ మూసుకుపోతే కృష్ణపదార్థమంతా అవేనన్న ఆశ పోతుంది. నేను అన్నం మానేసి ప్రేమించిన ఊహ పోతుంది. అది నాకు తెలియక కాదు.

"పోతే పోనీ" అన్నాను.

"ఇన్నొద్దుల సంది దొరకాలని మొక్కి, ఇప్పుడు వద్దంటే దేవుడు నమ్ముతడా బిడ్డా?"

"నమ్మకుంటే మాననీ. గా జాగాకు నేనే రంగేస్త" అన్నాను.

అమ్మ మళ్లీ పోగు అందుకుంది. నేను పక్క గదిలోకి పోయి కంప్యూటర్ తెరిచాను. దూరాన ఎక్కడో పేలే గామా మెరుపుల వెలుగు అంత చిన్న కృష్ణబిలాల పక్కనుంచి వచ్చినా కొద్దిగా చెదురుతుంది. ఆ కొలతలు ఇప్పుడు అందరికీ దొరుకుతున్నాయి, వాటితో కిటికీని కొంచెం కొంచెంగా మూయవచ్చు. రంగు అంచుల నుంచి మొదలుపెట్టాను. చుక్క దాకా ఇంకా రాలేదు.